రేపటి తలకట్టు

ఆ ఊళ్ళో బోర్డులు రాసే ఆయన్ని అందరూ రేపు మాస్టారు అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, వాడకం లేక తుప్పు పట్టింది.

పనితనానికి మాత్రం వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. కుంచె పట్టుకున్న ఆ చెయ్యి ఎంత నిదానమంటే, ఒకసారి కుంచె కర్ర మీద ఈగ వాలి కునుకు తీసింది. మూడు అక్షరాలు పూర్తయ్యేదాకా దానికి మెలకువ రాలేదు. ఇంకోసారి ఒక ఇంటి గేటు మీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని రాసి, పక్కన చిన్న కుక్క బొమ్మ వేశారు. పోస్ట్‌మ్యాన్ మూడేళ్ళపాటు ఆ ఇంటి ఉత్తరాలు పక్కవీధిలోంచి విసిరాడు. ఇంట్లో ఉన్న అసలు కుక్క ఆ అవమానం తట్టుకోలేక మొరగడమే మానేసింది. నమ్మకం లేనివాళ్ళు వెళ్ళి ఆ కుక్కనే అడగవచ్చు.

ఇంతటి పనివాడికీ ఒక తెగులు ఉండేది. బోర్డంతా రాసేవారు. సుద్ద గీతలు తుడిచేవారు. నీడలు వేసేవారు, అంచులు దిద్దేవారు. చివరి తలకట్టు మాత్రం పెట్టేవారు కాదు. అక్షరం నెత్తిన పిట్టముక్కులా ఉంటుందే, ఆ చిన్న గీత. దానికి పట్టే సమయం తుమ్ముకు పట్టేదానికన్నా తక్కువ. సరిగ్గా అక్కడే ఆగి, నిచ్చెన దిగి, కుంచె కడుక్కుని, “రేపొచ్చి పెడతా” అని వెళ్ళిపోయేవారు.

మాట తప్పే మనిషి కాదు, మర్నాడు ఠంచనుగా వచ్చేవారు. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చునేవారు. టీ తాగేవారు. యజమాని మోకాలి నొప్పి గురించి, వాళ్ళ పెద్దమ్మాయి పరీక్షల గురించి, మేడ మీద కారుతున్న కుళాయి గురించి వివరంగా కనుక్కునేవారు. సగం పూట గడిచాక నిచ్చెనెక్కి, చిటికెలో గీత గీసి దిగేవారు. అలా ఊళ్ళో ప్రతి దుకాణమూ ఒక రాత్రి చివరి అక్షరం బోడి నెత్తితో గడిపింది, టోపీ ఇంట్లో మరిచిపోయి డ్యూటీకొచ్చిన పోలీసులాగా.

పిల్లల బట్టలమ్మే ఆయన ఒకాయన “ఈ మాస్టారి ఆట నేను కట్టిస్తా చూడండి” అని వీధిలో పందెం వేశాడు. వారం రోజులు అక్షరమాల ముందేసుకుని కూర్చుని, తలకట్టుతో పనిలేని అక్షరాలు ఏరి ఏరి, దుకాణానికి ‘బాలల బట్టలు’ అని పేరు పెట్టాడు. కావాలంటే రాసి చూసుకోండి, ఒక్కదాని నెత్తినా తలకట్టు ఉండదు. మాస్టారు కాగితం చూశారు, గడ్డం గోక్కున్నారు, నోరెత్తకుండా నిచ్చెనెక్కారు. సాయంత్రం ఆయన దిగాక యజమాని తలెత్తి చూస్తే, బోర్డు మీద ‘బాలల బట్టల’ అని ఉంది.

“కొమ్మేదీ మాస్టారూ?”

“రేపొచ్చి పెడతా.”

ఆ సాయంత్రమంతా దారిన పోయేవాళ్ళు ఆగి ఆగి అడిగారు: “బాలల బట్టల ఏమిటండీ? గుండీలా, జేబులా?”

ఎందుకిలా అని అడిగినవాళ్ళకి మాస్టారు దగ్గర జవాబుల సంచి ఉండేది. రంగు ఆరాలనేవారు. మర్నాటి వెలుగులో చూసుకోవాలనేవారు. పెద్ద మనుషులు తొందరపడకూడదనేవారు. ఎవరికి ఏది నప్పితే అది తీసి ఇచ్చేవారు. అడిగినవాళ్ళు తృప్తిగా వెళ్ళిపోయేవారు. అన్నిటికన్నా ఎక్కువ తృప్తి పడింది మాస్టారే.

ఆ సంచి చిరిగింది కూతురి వల్ల.

ఆ అమ్మాయి బట్టలుతికే మెషిన్లు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే పని నేర్చుకుంది. నేర్పిన టీచరమ్మ ఎవరోగానీ గట్టి మనిషి. ఫ్యూజు పోతే ఫ్యూజు మార్చి చేతులు దులుపుకోవద్దు, ఎందుకు పోయిందో అడుగు, దొరికిన జవాబును పట్టుకుని మళ్ళీ ఎందుకని అడుగు, ఇక అడగడానికేం మిగలనప్పుడు స్క్రూడ్రైవర్ తియ్యి అని చెప్పిందట. అమ్మాయి ఆ విద్యను మెషిన్ల దగ్గరే వదిలి రాకుండా ఇంటికి కూడా తెచ్చింది.

“అమ్మా, పాలు పొంగిపోయాయి. ఎందుకు?”

“మీ నాన్న పిలిస్తే అటు వెళ్ళాను.”

“నాన్న ఎందుకు పిలిచాడు?”

“కళ్ళజోడు కనపడలేదట.”

“ఎందుకు కనపడలేదు?”

“నెత్తి మీదుంది కాబట్టి.”

“అయితే పాలు పొంగింది నాన్న నెత్తి వల్ల. గిన్నెనేం అనకు.”

అలాంటి పిల్ల సొంతంగా దుకాణం తెరుస్తోంది. ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారితే వచ్చే వీధిలో. పైన ఒక గది కూడా ఉంది. పొద్దున్నే మెషిన్లు వస్తాయి, రోజూ ఇంత దూరం తిరగలేను, అక్కడే ఉంటాను అంది. దుకాణానికి ‘మళ్ళీ తిరుగును’ అని పేరు కూడా తనే పెట్టుకుంది. బోర్డు ఎవరు రాయాలన్న ప్రశ్నే రాలేదు.

మాస్టారు గురువారం నిచ్చెనెక్కారు. ముప్ఫై ఏళ్ళలో రాసిన బోర్డులన్నీ దీనికి చిత్తుప్రతులు అన్నంత అందంగా రాశారు. ‘ళ్ళీ’ని చూస్తే ఫ్యాను రెక్క గాలికి తిరుగుతున్నట్టే ఉంది. చివరి ‘ను’ దగ్గరికొచ్చి, ఒళ్ళు రాసి, కొమ్ము తగిలించి, తలకట్టు దగ్గర ఆగారు. “రేపొచ్చి పెడతా.” అమ్మాయి నవ్వి ఊరుకుంది.

శుక్రవారం వచ్చారు. టీ తాగారు. నిచ్చెన వేశారు. రెండు మెట్లెక్కి దిగారు.

“ఎండ ఎక్కువగా ఉందమ్మా. రేపు పెడతా.”

ముప్ఫై ఏళ్ళలో ఏ దుకాణం బోర్డుకీ రెండో రేపు రాలేదు. అమ్మాయి చేతిలో వైరు పక్కన పెట్టి బయటికొచ్చింది.

“ఎండ నీకు కొత్తా నాన్నా?”

“రంగు సరిగ్గా కలవలేదులే.”

“నిన్న ఆరు అక్షరాలకి కలిసింది, ఈ పిసరంత గీతకి కలవలేదా?”

“నువ్వు మెషిన్లని అడిగినట్టు నన్నడగకు.”

“మెషినైతే ఈపాటికి నిజం చెప్పేది. చూడు నాన్నా, రేపు పొద్దున పదింటికి షట్టర్ ఎత్తుతున్నా. అప్పటికి తలకట్టు ఉంటే ఉంది. లేకపోతే మామయ్యకి ఫోన్ చేసి ఫ్లెక్సు కట్టించేస్తా.”

మాస్టారి చెవిలో మరిగే నూనె పోసినట్టయింది. ఆ మామయ్య అంటే మాస్టారి బావమరిది. ఐదేళ్ళ కింద ఫ్లెక్సులు ముద్రించే మెషిన్ కొన్నాడు. ఊళ్ళో సగం బోర్డులు ఇప్పటికే ఆ మెషిన్ నోట్లోంచి నాలుకలా బయటికొచ్చినవే. కనపడ్డప్పుడల్లా ఒకటే వేళాకోళం: “బావా, నా దాంట్లో తలకట్లు, గుడులు, కొమ్ములు అన్నీ ఒకే కాన్పులో పుడతాయ్.” సొంత కూతురి దుకాణం మీదే ఫ్లెక్సు వేలాడితే ఇక ఎవరు పిలుస్తారు? పిలవకపోవడం సంగతి తర్వాత, పిల్ల తనమీద నమ్మకం వదులుకుని మామయ్యను పిలిచిందన్న మాటే ఆయన మింగలేకపోయారు.

“అంత మాటన్నావా అమ్మా.”

అమ్మాయి గొంతు తగ్గించింది. “నాకు ఫ్లెక్సు ఇష్టం లేదు నాన్నా. నువ్వు రాసిందే కావాలి. కానీ సగం బోర్డు కింద నేను దుకాణం తెరవను. ఇంటికెళ్ళి కూర్చుని, నిన్ను నువ్వే అడుగు. జవాబు నాకు చెప్పక్కర్లేదు. ఒక్కటే షరతు. జవాబు ఎదుటోళ్ళ ఇంటికి పోకూడదు, నీ లోపలికి పోవాలి.”

మధ్యాహ్నం మాస్టారు ఇంటి వెనక అరుగు మీద కిరోసిన్ గిన్నె, కుంచెలు పెట్టుకుని కూర్చున్నారు. కుంచెలు కడుగుతూ తనను తనే విచారణకు పిలిచారు. మొదట ఆ విచారణ అడ్డదారులు పట్టింది.

ఎందుకు పెట్టలేదు? ఎండ. ఎండలో ఎందుకు వెళ్ళావు? బస్సు ఆలస్యం. బస్సు ఎందుకు ఆలస్యం? డ్రైవర్ టీ తాగుతున్నాడు. ఇంకో రెండు ప్రశ్నలకి తప్పంతా టీ కనిపెట్టినవాడి మీదికి చేరింది. మాస్టారికి హాయిగా అనిపించింది, కానీ పిల్ల పెట్టిన షరతు గుర్తొచ్చింది. టీ కనిపెట్టినవాడు ఎంత కాదన్నా ఎదుటోడే.

మళ్ళీ మొదలుపెట్టారు. పూర్తి చేస్తే జనం వంకలు పెడతారని భయమా? ఈ జవాబు బాగానే ఉందనిపించింది. కాస్త గొప్పగా, కళాకారుడి బాధలా కూడా ఉంది. దాదాపు ఖాయం చేసుకున్నారు. అంతలో తనకే అనుమానమొచ్చింది. వంకలు పెట్టేవాళ్ళు తలకట్టు కోసం ఆగుతారా? పైగా తలకట్టు లేకపోవడమే అన్నిటికన్నా పెద్ద వంక కదా!

“ఒరేయ్, అబద్ధాలాడకు,” అన్నారు పైకే.

వంటింట్లోంచి భార్య తొంగి చూసింది. “ఎవరితోనండీ?”

“నాతోనే.”

“ఇన్నాళ్ళకి సరైన మనిషిని పట్టుకున్నారు. కానివ్వండి.”

మెషిన్ అప్పుడప్పుడే ఆగుతోందంటే, ఆగినప్పుడు కాదు, ఆగనప్పుడు ఏం జరుగుతోందో చూడాలని కూతురు ఒకసారి ఎవరికో చెబుతుంటే విన్నారు. సరే, తలకట్టు ఏ బోర్డుకి అదే రోజు పెట్టాను? మాస్టారు ఒక్కొక్క కుంచె ఆరేస్తూ గుర్తు చేసుకున్నారు. నీళ్ళు కూడా ఇవ్వకుండా ఎండలో నిలబెట్టిన మేడాయన గోడ మీద ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని రాసింది ఒక్క బిగిన పూర్తయింది. తలకట్లు పెట్టి, చివర అడక్కపోయినా రెండు చుక్కలు కూడా పెట్టి వచ్చారు. మాటకు ముందు చిరాకుపడే గోదాము మేనేజరు బోర్డు కూడా ఒక్క రోజే. మరి ‘కుక్క ఉన్నది’ బోర్డు? రెండు రోజులు. ఆ ఇంటివాళ్ళు అంత గొప్పవాళ్ళేం కాదు. కానీ కుక్క ఒళ్ళో పడుకునేది.

మాస్టారి చేతిలో కుంచె ఆగిపోయింది.

నచ్చని చోట్ల పని ఏనాడూ మిగల్లేదు. మనసుకు నచ్చిన చోటే మిగిలింది.

అంటే ఆ గీత మిగిల్చింది మళ్ళీ వెళ్ళాలని. వెళ్ళాలంటే వెళ్ళొచ్చుగా, తలకట్టు ఎందుకు? పనుండాలి కదా. పని లేకుండా ఎందుకు వెళ్ళకూడదు? ఏమో, వెళ్ళకూడదు. ఎవరు చెప్పారు?

కిరోసిన్ మీద నీలం రంగు చారలు చారలుగా తేలి, అంచుకు చేరి అతుక్కుంది.

అప్పటికి ఆయన ఇంకా ఆయన కాదు, వాడు. బడి తనకు సరిపోదని పదహారో ఏట బడిని వదిలేసి, బోర్డులు రాసే పెద్ద మాస్టారి దగ్గర పనికి చేరాడు. నాలుగేళ్ళు ఆ ఇంట్లోనే తిండి, ఆ ముందుగదిలోనే నిద్ర. పొద్దున లేస్తే “ఒరేయ్, ఆ డబ్బా ఇలా తే”, “ఒరేయ్, తిన్నావా”, “ఒరేయ్, దాన్ని అక్షరం అంటారా, ఒడియాలు ఆరేశావనుకున్నా.” నాలుగో ఏడు చివర, కళ్ళజోళ్ళ దుకాణం బోర్డు మొత్తం ఒక్కడే రాశాడు. మొదటి అక్షరం నుంచి చివరి తలకట్టు దాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఈ కథ మాస్టారు ఊరందరికీ వందసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ వీధిలో జనం పెరిగేవారు. ఈమధ్య చెప్పినప్పుడు బస్సులు కూడా ఆగాయి, పెద్ద మాస్టారు కన్నీళ్ళు తుడుచుకోవడానికి పక్క కొట్లోంచి తువ్వాలు తెచ్చారు. ఈ మధ్యాహ్నం మాత్రం, అరుగు మీద ఒంటరిగా, జనం లేకుండా గుర్తు చేసుకున్నారు.

వీధి ఖాళీగా ఉంది. పెద్ద మాస్టారు రోడ్డుకి అవతల నిలబడి బోర్డు చూశారు. దాటి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. “మాస్టారూ,” అన్నారు, “ఇక మీరు నా దగ్గర ఉండాల్సిన పనిలేదండీ. మీ పని మీరు చేసుకోండి.”

మీరు అన్నారు. అండీ అన్నారు. అంతకన్నా గొప్ప మెప్పు లేదని వాడికీ తెలుసు. సాయంత్రం ఆ ఇంటావిడ చాప చుట్టి, రెండు చొక్కాలు మడతపెట్టి నవ్వుతూ చేతిలో పెట్టింది. వీధి మలుపు దాకా వెళ్ళి, చాప చంకలో పెట్టుకుని వాడు ఆగాడు. వెనకనుంచి ఎవరైనా “ఒరేయ్” అంటారేమోనని నిలబడ్డాడు. కాళ్ళు లాగేదాకా నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆ వీధిలోంచి ఎన్నోసార్లు వెళ్ళాడు గానీ, లోపలికి పోలేదు. పోవడానికి పనేం దొరకలేదు. నాలుగేళ్ళు అన్నం తిన్న ఇంటికి పోవడానికి పని కావాలా? కావాలనే అనుకున్నాడు. పెద్ద మాస్టారు పోయేదాకా అలాగే అనుకుంటూ ఉన్నాడు.

భార్య టీ తెచ్చి పక్కన కూర్చుంది. మాస్టారు చెప్పింది పూర్తిగా విని, ముక్కు ఎగబీల్చి అంది: “అయితే మన గేటు మీద ఇంటి పేరుకి ఇరవై రెండేళ్ళుగా తలకట్టు లేకపోవడానికి కారణం ఇదా? నేనింకా ఒట్టి బద్ధకం అనుకున్నా.”

“అది పెడితే నన్నెక్కడ పంపించేస్తావో అని.”

“పంపడానికి ఎవరైనా తీసుకోవాలిగా!” అని, ఆయన వేళ్ళకంటిన నీలం రంగు కొంగుతో తుడిచింది. “దాన్నలాగే ఉండనివ్వండి. పిల్ల బోర్డుకి మాత్రం పెట్టండి. అది పంపించే రకం కాదు.”

“నీకెలా తెలుసు?”

“మళ్ళీ ప్రశ్నలా? టీ తాగండి.”

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకే దుకాణం ముందు నలుగురూ చేరారు. బావమరిది చుట్టిన ఫ్లెక్సును భుజం మీద ఫిరంగిలా పెట్టుకుని వచ్చాడు.

“ఎవరు పిలిచారు నిన్ను?” అంది వాళ్ళక్క.

“ఎవరూ పిలవలేదక్కా. బావ సంగతి తెలుసుగా, ముందుజాగ్రత్త.”

మాస్టారు నిచ్చెన వేసి ఎక్కారు. కుంచె ముంచారు, డబ్బా అంచుకు రాసి అదనపు రంగు తీశారు. కిందికి చూస్తే అమ్మాయి తనవైపు చూడటమే లేదు. అప్పుడే ఒకావిడ మిక్సీ పట్టుకొచ్చింది, ఆవిడతో మాట్లాడుతోంది. ఇంకా షట్టరైనా ఎత్తలేదు, పిల్లకి పని వచ్చేసింది.

ఇది పెడితే ఏమవుతుంది? నిచ్చెన దిగాలి. దిగితే? ఇంటికి వెళ్ళాలి. వెళితే? రేపు ఇక్కడ నాకు పని ఉండదు. ఉండకపోతే?

దానికి జవాబు రాలేదు. మాస్టారు కాస్త ఆగి చూశారు. అయినా రాలేదు. సరేనని, జవాబు లేకుండానే పెట్టేశారు.

“అన్యాయం బావా!” బావమరిది కేక పెట్టాడు. “ఇప్పుడీ ఫ్లెక్సు నేనేం చేసుకోను?”

“వానాకాలం నీ స్కూటర్ మీద కప్పుకో,” అంది అక్క.

అమ్మాయి షట్టర్ ఎత్తి, రోడ్డు మీదికి వచ్చి, తలెత్తి, ఒక్కొక్క అక్షరం చదువుకుంది. “బాగుంది నాన్నా,” అంది. ఇంకేదో అనబోయింది. లోపల్నించి మిక్సీ ఆవిడ “అమ్మాయ్, దీన్లోంచి పొగొస్తోంది!” అని అరిచేసరికి పరిగెత్తింది. మాస్టారు కుంచె కడుక్కుని నిచ్చెన మడిచారు. ఇంటికి చేరాక ఆ రోజంతా కుర్చీ కిటికీ దగ్గరికి జరిపారు, మళ్ళీ గోడ దగ్గరికి జరిపారు.

మర్నాడు తొమ్మిదింటికి చొక్కా తొడుక్కున్నారు.

“ఎక్కడ రాయాలి?” అంది భార్య.

“ఎక్కడా లేదు.”

“మరి డబ్బా?”

“అక్కర్లేదు.”

ఆవిడ ఇంకేమీ అడక్కుండా చెప్పులు ముందుకు జరిపింది.

రెండు బస్సుల్లోనూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. జేబుల్లో పెట్టుకున్నారు, తీశారు, కట్టుకున్నారు. సీటు దొరికినా కడ్డీ పట్టుకునే కూర్చున్నారు. వీధి మొదట్లో దిగి, దుకాణం దాటి పదడుగులు ముందుకెళ్ళిపోయి, అక్కడ ఎవరిదో కిటికీ చూస్తున్నట్టు నిలబడి, వెనక్కి వచ్చారు.

అమ్మాయి ఒక పెద్ద మెషిన్ పొట్ట విప్పి, భుజాల దాకా అందులోకి దూరిపోయి ఉంది.

“ఎవరూ?”

“నేనే.”

“ఏంటి నాన్నా, బోర్డులో ఏమైనా మిగిలిందా?”

“లేదమ్మా. అంతా అయిపోయింది.”

“మరి?”

మాస్టారి నాలుక చివర ఎనిమిది సాకులు వరసకట్టి నిలబడ్డాయి. ఇటువైపు పనుండి వచ్చాననేది అన్నిటికన్నా ముందుంది. వాటన్నిటినీ మింగేశారు.

“ఊరికే వచ్చా.”

మెషిన్ లోపల్నించి ఒక చెయ్యి బయటికొచ్చి పక్కకు జరగమన్నట్టు ఊపింది.

“అయితే అక్కడ నిలబడకు, వెలుగు పడట్లేదు. ఇటొచ్చి ఈ గొట్టం పట్టుకో. గట్టిగా. గట్టిగా అంటే కుంచె పట్టుకున్నట్టు కాదు నాన్నా!”

మాస్టారు చొక్కా చేతులు మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో గొట్టం పట్టుకున్నారు. నీళ్ళు మోచేతుల దాకా కారాయి. అమ్మాయి బిగిస్తూ, ఇంకో పని చూసుకుంటూ, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ అటూ ఇటూ తిరిగింది. మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా ఆయన ఆ గొట్టం వదల్లేదు. బిగించడం పదిన్నరకే అయిపోయిందని ఆ అమ్మాయీ చెప్పలేదు.